పుట్టి మోత

సెప్టెంబరు 19, 2011. సోమవారం

ఈ రోజు నుంచి మా బస్సులు కూడా ఆగిపోయాయి. తెలంగాణ వచ్చేదాకా చక్రం కదలదని డిపో గేటు దగ్గర యూనియన్ వాళ్ళు చెబితే నేనూ చప్పట్లు కొట్టాను. పదహారేళ్ళ కండక్టర్ ఉద్యోగంలో పొద్దున నాలుగింటికి లేవాల్సిన పని లేని సోమవారం ఇదే మొదటిది. తొమ్మిదింటికి ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దగ్గర టెంటులో కూర్చున్నాను. పదకొండింటికి ఇంటికొచ్చేశాను. తలుపుకు తాళం వేసి ఉంది.

యాదలక్ష్మి పైన ఉంది. ఆమె పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ డీటీపీ సెంటర్ మూతపడి వారం కావస్తోంది. కోచింగ్ సెంటర్లే తెరవకపోతే నోట్సు టైపు చేయించేది ఎవరు? అందుకని మా ఇంటి ఓనరు రామారావు సారు తన నిఘంటువు పని ఆమెకిచ్చారు. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఐదేళ్ళ కిందట ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. పైన ఆయనా, ఆయన భార్య వెంకాయమ్మ గారూ. కింద కిరాయికి మేము. నీళ్ళకూ పడవలకూ సంబంధించిన ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు పోగుచేసి ఆయన పుస్తకం వేస్తున్నారు.

పదింటికి పైకెక్కితే నాలుగింటి దాకా దిగదని నాకు ఇవాళే తెలిసింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఎప్పుడూ ఇంట్లోనే కనపడేది మరి.

మెట్ల దగ్గర నిలబడితే నవ్వు వినిపించింది. యాదలక్ష్మి నవ్వే. గట్టిగా నవ్వే అలవాటు లేని మనిషి.

తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు. సారుకు డెబ్బై రెండేళ్ళు. వెంకాయమ్మ గారు పక్కనే కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతూ ఉంటారు. తలుపు తెరిచే ఉంటుంది. మా రమ్య కూడా బడి లేక పైనే ఉంటోంది. తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు.

సెప్టెంబరు 20

పై నుంచి గోరుచిక్కుడు కూర వచ్చింది. ఆకలి లేదన్నాను.

సెప్టెంబరు 22

అన్నం పెడుతూ యాదలక్ష్మి ఒక మాట అడిగింది.

"పడవను నీళ్ళల్లకెళ్ళి పైకి తీసి, నేల మీద మోసుకపోయి, ఇంకో కాడ మళ్ళ నీళ్ళల్ల దించుతరు కద. దాన్ని మీ దిక్కు ఏమంటరు?"

మాది మునుగోడు పక్క. తాగే నీళ్ళే సరిగా లేని ఊరు. నాకు తెలిసిన పడవ ఒకటో తరగతి వాచకంలో 'ప' పక్కన ఉండే బొమ్మ. ఆ మాటే అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఇంగ్లీషులో ఆ పనంతటికీ ఒక్కటే మాట ఉందట, పోర్టేజ్ అని. తెలుగులో అలాంటి ఒక్క మాట దొరక్క సారు మూడు నెలల నుంచి ఆ పేజీ దగ్గరే ఆగిపోయారట. 'పడవలను భూమార్గమున మోసికొనిపోవుట' అని రాసుకుని, ఇది మాట కాదు, మాటకు అర్థం అని కొట్టేశారట.

"రేపు నేను చెప్త సారుకు" అంది.

ఏం చెబుతుందో నేను అడగలేదు.

సెప్టెంబరు 24

టెంటుకు బయల్దేరుతుంటే గేటు దగ్గర సారు ఆపారు. "మీ ఆవిడ నా పుస్తకాన్ని ఒడ్డున పడేసిందండీ" అన్నారు. ఆయన ముఖం అంత వెలుగుతూ ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆపైన నా భార్య చిన్నతనం గురించి నాకు చెప్పడం మొదలుపెట్టారు.

మా మామ మట్టయ్య కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాడని నాకు తెలుసు. పుట్టి ఉండేదనీ తెలుసు, వెదురుతో గంపలా అల్లి కింద తారు పూసిన గుండ్రటి పడవ. తెలియనిది ఇది. ఎండాకాలం వాళ్ళ ఊరి దిగువన అర మైలు పొడవునా నది రాళ్ళ సందుల్లోకి పోయేదట. పుట్టి నడవదు. అప్పుడు మామా అత్తా పుట్టిని బోర్లించి ఇద్దరి తలల మీదా పెట్టుకుని ఆ రాళ్ళ మీదుగా కింది మడుగు దాకా మోసేవాళ్ళట. పుట్టి కింద ఉన్నవాళ్ళకు దారి కనపడదు. అందుకని తొమ్మిదేళ్ళ యాదలక్ష్మి తెడ్డు భుజాన పెట్టుకుని ముందు నడుస్తూ, రాయి, గుంత, ఎక్కుడు, దిగుడు అని అరిచి చెప్పేదట.

"దాన్ని వాళ్ళు మోత అంటారట. మోయడం మోత. మోసే చోటు కూడా మోతే. 'మోత కాడ పొద్దుగూకింది' అనేవారట వాళ్ళ నాన్న. ఎంత బాగుందో చూడండి" అన్నారు సారు.

చూశాను. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఆయనకు టైపు చేయడం మొదలుపెట్టి పది రోజులు.

సాయంత్రం అడిగాను, ఇదంతా నాకెందుకు చెప్పలేదని.

"నువ్వెన్నడన్న అడిగినవా?"

"అడిగితేనే చెప్తరా?"

"అడిగినోళ్ళకే చెప్తరు" అని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

సెప్టెంబరు 26

ఇవాళ పైకి వెళ్ళాను. పని ఉండి కాదు. నేనూ ఒక మాట ఇవ్వగలనని.

రెండు రోజులు టెంటులో కూర్చుని ఆలోచించాను. పోర్టేజ్ అంటే పోర్టు నుంచి వచ్చి ఉండాలి. పోర్టు అంటే రేవు. విశాఖపట్నం పోర్టు, కాకినాడ పోర్టు. కాబట్టి 'రేవుమార్పు' అంటే బాగుంటుంది, మోత అంటే చప్పుడు అనుకుంటారు జనం. ఇదంతా నిలబడే చెప్పాను. సారు కుర్చీ చూపించారు, కూర్చోలేదు.

ఆయన నన్ను చిన్నబుచ్చలేదు. చిన్నబుచ్చి ఉంటే బాగుండేది. అందరూ అలాగే పొరబడతారండీ అన్నారు. ఇది రేవు పోర్టు కాదట. ఫ్రెంచి వాళ్ళ భాషలో పోర్తే అంటే మోయడం, దానికి వెనక లాటిన్‌లో పోర్తారే, అదీ మోయడమే. కెనడాలో ఫ్రెంచి వర్తకులు ఒక నది నుంచి ఇంకో నదికి పడవలు నెత్తిన పెట్టుకుని పోయేవాళ్ళట. ఆ మోయడానికి పోర్టేజ్ అనే పేరు ఉండిపోయింది, తరవాత మోసే చోటుకూ అదే పేరు. "చూశారా, వాళ్ళ మాట వచ్చిన దారీ మీ మామగారి మాట వచ్చిన దారీ ఒకటే. మోయు నుంచి మోత."

"రైల్వే స్టేషన్ల పోర్టర్ ఉంటడు గద నాయినా, గా పోర్టు" అంది రమ్య.

నా కూతురికి కూడా తెలుసు. యాదలక్ష్మి కంప్యూటర్ వైపు నుంచి తల తిప్పలేదు. ఆమె పెదవి చివర కదిలింది. నవ్వో కాదో నాకు తెలియదు.

సెప్టెంబరు 27

నాకు అసూయ లేదు. ఒక ముసలాయన మీద, ఒక మాట గురించి, ఎవరికైనా అసూయ ఉంటుందా?

సెప్టెంబరు 29

టెంటులో అంతయ్య నా పక్కన కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా అతను డ్రైవరు, నేను కండక్టరు, ఒకే బండి. ఏంది అట్లున్నవ్ అన్నాడు.

చెప్పాను. మా ఓనరు మన మాటలు పోగుచేసుకుంటుండు, మా మామ మాట గూడ తీస్కుండు, పుస్తకం మీద పేరు మాత్రం ఆయనది అన్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"నీళ్ళు తీస్కపోయిండ్రు, కొలువులు తీస్కపోయిండ్రు. ఇగ మాటలు గూడనా" అన్నాడు అంతయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేశారు. ఆయన ఇల్లెక్కడ అని ఒకతను అడిగితే నేను మాట మార్చాను.

సాయంత్రం. ఇందాకటిది పూర్తిగా రాయలేదు. మొన్న గేటు దగ్గర సారు ఇంకో సంగతి కూడా చెప్పారు. మాట ఇచ్చిన ప్రతి మనిషి పేరూ ఆ మాట కిందే వేస్తారట. 'చెప్పినవారు: మట్టయ్య, ఆయన కూతురు యాదలక్ష్మి' అని రాసిన కాగితం కూడా చూపించారు. ఆ రోజు ఇక్కడ రాయడం మరిచిపోయాను. అంతయ్యకు చెప్పడం కూడా మరిచిపోయాను.

అక్టోబరు 1

సోమవారం మత్స్యకారుల ర్యాలీ. వలలూ పుట్టీలూ నెత్తిన పెట్టుకుని వనస్థలిపురం నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడుస్తారు. మామ కూడా వస్తున్నాడు. యాదలక్ష్మి ఈ కబురు ముందు పైన చెప్పి, తరవాత నాకు చెప్పింది.

ఎన్నో ఏళ్ళుగా కాగితం మీద చూస్తున్నదాన్ని ఒక్కసారి కళ్ళతో చూస్తాను, రోడ్డు పక్కన నిలబడి చూసి వచ్చేస్తాను అన్నారట సారు. ఆ రోజు అక్కడ అంతయ్య వాళ్ళు ఉంటారు. రావద్దని నేను చెప్పాలి.

అక్టోబరు 2

చెప్పలేదు. ఆయన పైన, నేను కింద. వీలు కాలేదు.

అక్టోబరు 3, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మామ డీసీఎం వ్యానులో మూడు పుట్టీలు వేసుకుని వచ్చాడు. వెంట రావాల్సిన లచ్చయ్యకు నడుము పట్టేసిందట. "అల్లుడా, ఎనక పట్టు" అన్నాడు మామ. ఆర్టీసీ వాళ్ళం యూనిఫాంలోనే రావాలన్నారు కాబట్టి ఖాకీ బట్టల మీదనే దూరాను.

పుట్టి కింద ఇంకో లోకం. తారు వాసన, ఎండిన చేపల వాసన. వెదురు బద్దలు నెత్తిన గుచ్చుకుంటాయి. అంచు ఛాతీ దాకా దిగుతుంది. కనిపించేదల్లా రోడ్డు, నాలుగు అడుగుల మేర. ముందు మామ మడమలు, పగిలి ఉన్నాయి. వాటి వెంటే నడవాలి. ముందు యాదలక్ష్మి గొంతు, "అయ్యా, గుంత. అయ్యా, రాళ్ళున్నయ్." ఇప్పుడు ఆమెకు ముప్పై ఐదేళ్ళు. ఆ గొంతు తొమ్మిదేళ్ళ పిల్లది. నేను ఎన్నడూ వినని గొంతు అది. అంత బరువు కింద కూడా నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఈ గొంతు ఎలా ఉంటుందో ఆమె సారుకు అరిచి చూపించి ఉంటుందా అని.

చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి డప్పులు పెరిగాయి. యాదలక్ష్మి బాగా ముందుకెళ్ళిపోయింది. అప్పుడు ఎడమ పక్క రోడ్డు అంచున తెల్ల కాన్వాసు బూట్లు కనిపించాయి. సారువి. రోజూ గేటు దగ్గర విప్పేవి. వాటి చుట్టూ చెప్పులు వచ్చి చేరాయి, నాలుగు జతలు, ఐదు జతలు.

"ఏం రాస్తున్నవ్ సారూ? ఎవరి కోసం రాస్తున్నవ్?" అంతయ్య గొంతు.

"మాట రాసుకుంటున్నాను బాబూ" అన్నారు సారు.

ఇంకెవరో, గీయనే గీయనే అన్నారు. తోపులాట. కళ్ళజోడు వచ్చి తారు మీద పడింది. దాని తరవాత నోటు పుస్తకం. ఒక కాలు దాని మీద పడింది. కాగితాలు చిరిగిన చప్పుడు అన్ని డప్పుల్లోనూ నాకు వినిపించింది.

నేను ఆగాను. ఆగితే పుట్టి ఆగింది. ఒక్క మాట చాలు. అంతయ్యా, ఆగు అంటే అతను ఆగుతాడు.

"ఏమైంది అల్లుడా? నడువు" అన్నాడు మామ.

నడిచాను.

సారు ఆటోలో ఇంటికి చేరారు. దెబ్బలేమీ లేవు. జనంలో కాలు జారిందని వెంకాయమ్మ గారికి చెప్పారట. అసలు సంగతి ఊరు ఊరంతా అనుకుంటుంటే యాదలక్ష్మి విని వచ్చింది.

"నీ పక్కనే గద అయింది. నువ్వు సూడలేదా?"

"పుట్టి కింద ఏం కనబడ్తది?" అన్నాను.

అక్టోబరు 4

సద్దుల బతుకమ్మ. యాదలక్ష్మి పూలు తేలేదు. రమ్య అడిగి అడిగి ఊరుకుంది.

అక్టోబరు 7

ఇప్పుడొద్దులే అమ్మా, తరవాత చూద్దాం అని సారు పని ఆపేశారు. పై తలుపు మూసి ఉంటోంది.

పది నుంచి నాలుగు దాకా యాదలక్ష్మి ఇప్పుడు నా ఎదురుగానే ఉంటోంది. నేను కోరుకున్నది ఇదే కదా. బియ్యం ఏరుతుంది, బట్టలు మడత పెడుతుంది, అడిగినదానికి ఊఁ అంటుంది. పైన ఉన్నప్పుడు ఆమె నవ్వైనా వినిపించేది నాకు.

అక్టోబరు 9

తుర్కయంజాల్‌లో అంతయ్య ఇంటికి వెళ్ళాను. సగం దూరం షేర్ ఆటో, సగం నడక. నోటు పుస్తకం అతని దగ్గరే ఉంది, టీవీ పైన. పారేయలేదు.

అంతా చెప్పాను. పుస్తకంలో మా మామ పేరూ నా భార్య పేరూ వేస్తానని ఆయన ముందే నాతో అన్నారని, ఆ సంగతి దాచి మిగతాది చెప్పానని. ఎందుకు దాచానో కూడా చెప్పాను. అది మాత్రం అంతయ్యకు అర్థం కాలేదు. ముసలాయన మీద నీకేం కుళ్ళు అన్నాడు.

 అతని భార్య చాయ్ తెచ్చి పెట్టి వెళ్ళింది.

"పదకొండేండ్ల సంది నీ మాట మీద బండి నడిపిన" అన్నాడు చివరికి. "నువ్వు రైట్ అంటే పోయిన. హోల్డాన్ అంటే ఆగిన. ఎన్నడన్న ఎనకకు తిరిగి సూసిన్నా? ఒక పెద్దమనిషి మీదికి నన్ను తోలినవు."

పుస్తకం నా చేతిలో పెట్టాడు. చాయ్ తాగమనలేదు.

అక్టోబరు 10

పొద్దున పుస్తకం చూపించి, పైకి పోదాం రా అన్నాను యాదలక్ష్మితో. ఎక్కడిదని అడగలేదు. వచ్చింది.

వెంకాయమ్మ గారు తలుపు తీశారు, నా వైపు చూడలేదు. సారు పాత కళ్ళజోడు పెట్టుకుని ఉన్నారు, ఒక పక్క దారం కట్టింది. పుస్తకం తీసుకుని, నలిగిన పేజీలు ఒక్కొక్కటే అరచేత్తో సాఫు చేశారు. 'మోత' రాసిన పేజీ లేదు. మళ్ళీ రాద్దాం అమ్మా అన్నారు. యాదలక్ష్మి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె మొదటి నుంచి చెబుతుంటే ఆయన రాసుకున్నారు. నేను గోడకానుకుని కింద కూర్చున్నాను. రాళ్ళు, మడుగు, తెడ్డు, అన్నీ ఆమె నోటి నుంచి నేను వినడం ఇదే మొదటిసారి.

కాసేపటికి సారు నా వైపు తిరిగారు. "మీరు మోశారు కదా లింగస్వామి గారూ. ఈమె ముందు నడిచిన మనిషి. కింద ఉన్నవాళ్ళకు ఏం కనిపిస్తుందో మీరే చెప్పాలి."

"కాళ్ళు" అన్నాను.

"ఎవరివి?"

"మా మామవి." "చౌరస్తా కాడ మీవి. తెల్ల బూట్లు."

సారు కలం ఆగింది. కానీ ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసండీ. పుట్టి కింద ఖాకీ ప్యాంటు ఆగడం నేనూ చూశాను. ఆగింది, మళ్ళీ నడిచింది."

వారం రోజులుగా ఆయనకు తెలుసు. ఆ వారంలో గేటు దగ్గర రెండు సార్లు ఎదురుపడ్డాం, బాగున్నారా అన్నారు.

ఇక ఆపలేకపోయాను. అంతయ్యకు చెప్పింది నేనేనని, రావద్దని మీకు చెప్పాలనుకుని చెప్పలేదని, అన్నీ చెప్పేశాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. యాదలక్ష్మి లేచింది. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, నన్ను దాటుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేనూ లేవబోతే సారు ఆపారు. "పుట్టి కింద ఉన్నవారికి కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి" అని రాసి, ఆ వాక్యం పక్కన నా పేరు రాశారు. నా పేరు వద్దన్నాను.

"మోసిన మనిషి చెప్పిన మాట ఇది. పేరు లేకుండా ఎలా వేస్తాను?" అన్నారు. ఆయన గొంతులో ప్రేమ లేదు. కోపమూ లేదు. పుస్తకం మీద ఉండే శ్రద్ధ తప్ప ఏమీ లేదు. నేనింత కాలం కుళ్ళుకున్నది దీని మీదనా అనిపించింది.

అక్టోబరు 11

అంతయ్య వచ్చాడు. నాతో మాట్లాడకుండా పైకెళ్ళి, అరగంట కూర్చుని వెళ్ళాడు. పై నుంచి కాఫీ వాసన వచ్చింది.

అక్టోబరు 13

యాదలక్ష్మి మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది, పోతుంది. పదింటికి పైకెళ్తుంది, నాలుగింటికి దిగుతుంది. ఇవాళ మెట్ల దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నం ఒకసారి నవ్వింది.

అసూయగానే ఉంది. ఎందుకు దాచాలి, ఈ డైరీ నేను తప్ప ఎవరూ చూడరు. అర్థం లేనిదని ఎంత ఎరిగినా పోవడం లేదు.

అక్టోబరు 18

సమ్మె విరమించారు. మాకు తెలంగాణ ఇంకా రాలేదు, బస్సులు మాత్రం తిరుగుతున్నాయి. అంతయ్యా నేనూ మళ్ళీ ఒకే బండి. అవసరమైనంత మాట్లాడుతున్నాడు.

సాయంత్రం ట్రిప్పులో దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో యాదలక్ష్మి ఎక్కింది. డీటీపీ సెంటర్ తెరిచారట, ఇవాళే మొదటి రోజు. మా బండి అని చూసుకోకుండా ఎక్కినట్టుంది. చూసి దిగబోయి, వెనక జనం తోస్తుంటే దిగలేక నా సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. చైతన్యపురి దాటింది. నేను టిక్కెట్లు కొట్టి వచ్చి కూర్చున్నాను.

నాకు అప్పుడు గుర్తొచ్చింది, పైన ఆమె చెప్పినదంతా వాళ్ళ నాన్న గురించే. పుట్టిని మోసింది ఇద్దరు. మా పెళ్ళినాటికే చనిపోయిన ఆ మనిషి పేరు అండాలమ్మ అని తప్ప నాకేమీ తెలియదు.

"మీ అమ్మ ఎట్ల మోసేది?" అన్నాను.

కిటికీ బయటికే చూస్తూ ఉంది. వినలేదనుకున్నాను. కొత్తపేట స్టాపులో జనం దిగి, కొందరు ఎక్కి, బండి కదిలాక, కిటికీ వైపు నుంచి ముఖం తిప్పకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఎల్బీనగర్ వచ్చేదాకా చెప్పింది. మధ్యలో నేను ఎవరికీ టిక్కెట్టు కొట్టలేదు.

"ఇది సారుకు చెప్పినవా?" అని అడిగాను. అడగకూడదు, కానీ అడిగాను.

"లే" అంది. "ఎవ్వరికి చెప్పలే." దిగుతూ మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. "నువ్వు గూడ ఎవ్వరికి చెప్పకు."

ఆమె చెప్పింది ఇక్కడ రాయను.